చెమట పట్టని సాంసన్ సారు

సాంసన్ సారును నేను మొదట చూసింది 2019 జూలైలో, దామరచర్లకు దగ్గర్లో ఉన్న మా హైస్కూల్లో. నేను అక్కడ తెలుగు చెప్పేదాన్ని. మాది కోదాడ. మిర్యాలగూడలో ఒక గది కిరాయికి తీసుకుని రోజూ బస్సులో వెళ్లొచ్చేదాన్ని. కొత్తగా ఉద్యోగం వచ్చిన జీవశాస్త్రం మాస్టారు ఆ రోజు చేరతారని హెడ్మాస్టరు చెప్పారు. తొమ్మిది దాటాక ఒక మోటారు సైకిల్ వచ్చి గేటు దగ్గర ఆగింది. వానాకాలమన్న పేరే గాని ఆకాశంలో మబ్బు తునక లేదు. బండి దిగినాయన చొక్కా మాత్రం నిలువునా తడిసి, అంచుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"దారిలో వాన పడిందా అండీ?" అని అడిగాను.

"లేదు మేడం. నడుమల బోరింగు కాడ ఆగి నేనే తడుపుకున్న. ఇంకో అర్ధ గంటకు ఆరిపోతది, మల్ల తడుపుకోవాలె," అన్నారాయన, గొడుగు మర్చిపోయిన సంగతి చెప్పినంత మామూలుగా.

అప్పటికి ఆయనకు ముప్పై రెండేళ్లు. నెత్తి మీద వెంట్రుకలు పసిపిల్లవాడి జుట్టులా పలచగా, రాగి రంగులో ఉన్నాయి. కనుబొమలు లేవనే చెప్పాలి. పళ్లు పెట్టుడు పళ్లు. కళ్ల చుట్టూ చర్మం ముడతలు పడి పొడిగా ఉంది. మొదటి వారం పిల్లలు చాటుగా నవ్వుకున్నారు. బైబిల్లో సాంసన్ బలమంతా జుట్టులోనే ఉందని తెలిసిన పిల్లలు ఇంకాస్త ఎక్కువ నవ్వారు. ఆ సంగతి ఆయనే ముందు ఎత్తేవారు. "నాకు పేరు పెట్టినప్పుడు నేను తొమ్మిది దినాల పోరన్ని. జుట్టు వస్తదనే నమ్మకంతోటి పాస్టరుగారు ఆ పేరు పెట్టిండు. ఆయన తప్పేం లేదు."

ఆయన ఒంట్లో చెమట గ్రంథులు లేవు. పుట్టుకతోనే లేవు. ఈ సూర్యాపేట, మిర్యాలగూడ ఎండల్లో అలాంటి మనిషి ముప్పై రెండేళ్లు బతకడమే పెద్ద సంగతి. దాని వెనక వాళ్లమ్మ ఏసమ్మ ఉంది. తర్వాత ఆమెతో నాకు బాగా చనువైంది. ఇప్పుడు చెప్పేదంతా ఆమె నోటి నుంచి విన్నదే.

పెన్‌పహాడ్ మండలంలో వాళ్ల ఊరు. ఏసమ్మ నాట్లకు, కలుపుకు పోయేది. భర్త సైదులు మిర్యాలగూడ రైసు మిల్లులో పనిచేసి వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. సాంసన్‌కు ఐదో నెలలో, మార్చి ఎండలు ముదిరేసరికి, జ్వరం పట్టుకుంది. ఒళ్లు పెనంలా కాలేది. మలేరియా అన్నారు, టైఫాయిడ్ అన్నారు. మందు తాగిస్తే తగ్గేది కాదు, చలికాలం వస్తే దానంతటదే పోయేది. ఒకరోజు పొలం గట్టున చీర ఉయ్యాలలో పడుకోబెట్టి నాటు వేస్తుంటే చిన్న జల్లు పడింది. పరుగెత్తుకొచ్చి చూస్తే ఉయ్యాల తడిసి ఉంది, పిల్లవాడి ఒళ్లు చల్లగా ఉంది. పొద్దుటి నుంచి ఏడ్చిన బిడ్డ నిద్రపోతున్నాడు.

ఆ రోజు నుంచి ఏసమ్మ బిడ్డ ఒంటిని వదలకుండా గమనించడం మొదలుపెట్టింది. "అందరు పిల్లలకు మెడ కింద తడి ఉంటది టీచరమ్మా. పాలు తాగేటప్పుడు నుదుటి మీద సెమట బొట్లు లేస్తయి. నా కొడుకు మెడ ఎప్పుడు ముట్టినా ఎండిన సెక్కోలె ఉండేది," అని నాతో చెప్పింది. దవాఖానలో ఆ మాట చెబితే చెమట రాని మనిషి ఎక్కడైనా ఉంటాడా అని నవ్వారట. ఆమె వాదించలేదు. పాత నూలు చీరలు చింపి, తడిపి, ఒంటికి చుట్టేది. పొలానికి పోతే ఒక బిందె నీళ్లు కేవలం వాడి కోసం మోసుకుపోయేది. చల్లనీళ్లకు పిల్లవాడు చచ్చిపోతాడని చుట్టుపక్కల ఆడవాళ్లు తిట్టారు. ఆమె తిట్లు విన్నది, గుడ్డ తడుపుతూనే ఉంది.

నాలుగో ఏడు వచ్చినా పిల్లవాడికి మూడే పళ్లు, అవీ పిల్లి కోరల్లా మొనదేలి ఉన్నాయి. నోట్లో ఉమ్మి సరిగా ఊరదు. అన్నం మెత్తగా పిసికి, ముద్దకో గుక్క నీళ్లు తాగిస్తూ పెట్టేది.

ఏడో ఏట సూర్యాపేటలో రామలింగయ్య అనే పెద్ద వయసు డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన ఆమె మాట మధ్యలో ఆపలేదు. మొత్తం విన్నాక కలం పక్కన పెట్టాడు.

"సెమట రాదని నీకెవరు చెప్పిన్రమ్మా?"

"ఎవ్వరు జెప్పలె సారూ. ఏడేండ్ల సంది ముట్టి సూస్తున్న."

ఆయన కాంపౌండరును పిలిచి టింక్చర్ అయోడిన్, బట్టలకు పెట్టే గంజి పొడి తెప్పించాడు. తల్లి అరచేతికి, కొడుకు అరచేతికి అయోడిన్ పూసి, ఆరాక పైన గంజి పొడి చల్లాడు. ఫ్యాన్ ఆపించి, ముగ్గురూ ఆ ఉక్కలో కూర్చున్నారు. గంజి, అయోడిన్ కలిసిన చోట తడి తగిలితే నల్లటి నీలం రంగు వస్తుంది. కాసేపటికి ఏసమ్మ అరచేతిలో నీలం చుక్కలు లేచాయి. కొడుకు చేయి గోధుమ రంగులోనే ఉండిపోయింది.

డాక్టరు మందుల చీటీ వెనక బొమ్మ గీసి చూపించాడు. చర్మం లోపల దారపు ఉండలా చుట్టుకున్న సన్నని గొట్టం. దాని పై కొస చర్మం మీద రంధ్రంలా తెరుచుకుంటుంది. ఆ ఉండ నెత్తుటి నుంచి నీళ్లు, కాస్త ఉప్పు తీసుకుని గొట్టం గుండా పైకి పంపుతుంది. ఆ నీళ్లు ఆరుతూ ఒంట్లో వేడిని తీసుకుపోతాయి. అలాంటివి మనిషికి లక్షల్లో ఉంటాయి. "నీ కొడుక్కు అవి మొలవలే. వెంట్రుక, పన్ను, సెమట గ్రంథి, అన్నీ కడుపుల ఉన్నప్పుడు పైతోలు నుంచే మొలుస్తయి. ఆ మొలిచే కాడనే తేడా వచ్చింది. దీనికి మందు లేదు. నువ్వు ఏడేండ్ల సంది చేస్తున్నదే మందు. లోపలి నుంచి రాని నీళ్లు నువ్వు బయటి నుంచి ఇస్తున్నవ్."

తర్వాత ఆమెను నోరు తెరవమన్నాడు. ఆమెకు కింది వరుసలో రెండు పళ్లు చిన్నప్పటి నుంచీ రాలేదు. అరచేతిలో చుక్కలు కూడా అంతటా లేవు, అక్కడక్కడ ఖాళీలున్నాయి. ఇది తల్లి నుంచి కొడుక్కు వచ్చే జబ్బని, తల్లికి కొంచెంగా ఉండి కొడుకులో పూర్తిగా బయటపడుతుందని ఆయన మెల్లగా చెప్పాడు.

"ఆ దినం బస్టాండు దాంక నడిసిన," అంది ఏసమ్మ నాతో. "కొడుకు సెయ్యి పట్టుకుందామంటే భయమైంది. నా సెయ్యి నుంచే గద వచ్చిందనిపించింది. బస్సెక్కినంక వాడే నా ఒళ్ల తలకాయ బెట్టి పండుకున్నడు. ఇగ ఏం జేస్త, గుడ్డ తడిపి కప్పిన."

మరుసటి వారం బడికి పోయి, కొడుకును తలుపు పక్కన కూర్చోబెట్టాలని, చొక్కా తడుపుకోవడానికి గంటకోసారి పంపాలని హెడ్మాస్టరుకు చెప్పి ఒప్పించింది. సాంసన్ అలా తడి చొక్కాతోనే పదో తరగతి పాసయ్యాడు, సూర్యాపేటలో డిగ్రీ, మిర్యాలగూడలో బీఈడీ చేశాడు. పెళ్లి మాత్రం వద్దనుకున్నారు. అడిగితే "నాకు తోడు నీళ్ల సీసా ఉంది మేడం" అని మాట తప్పించేవారు.

ఆయన పాఠం చెబుతుంటే నా ఖాళీ పీరియడ్‌లో వెళ్లి వెనక బెంచీ మీద కూర్చునేదాన్ని. 2022లో దసరా సెలవుల తర్వాత పదో తరగతికి విసర్జన పాఠం చెప్పారు. చర్మం దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసి, గ్రంథుల కథ మొదలుపెట్టారు.

"మన ఒంట్ల గ్రంథులు రెండు తీర్లు. కొన్నిటికి గొట్టం ఉండదు, అవి తయారు చేసింది సక్కగ నెత్తుట్ల కలుస్తది. కొన్నిటికి గొట్టం ఉంటది, అవి తయారు చేసింది ఆ గొట్టం పట్టుకుని బయటికో, నోట్లెకో, పేగులెకో పోతది. వీటిని నాళ గ్రంథులు అంటరు. సరే, ఇప్పుడు అందరు కండ్లు మూసుకోండ్రి. పచ్చి చింతకాయ, దాని మీద ఉప్పు కారం. కొరికిన్రు."

క్లాసంతా గుటకలు మింగిన చప్పుడైంది.

"చెవి ముందర, దవడ మీద వేలు పెట్టుండ్రి. గాడ ఉంది పెద్ద ఉమ్మి గ్రంథి. లోపట చూస్తే ద్రాక్ష గుత్తోలె ఉంటది. గుత్తిల నీళ్లు ఊరి, కాడలోంచి బుగ్గ లోపలికి వస్తయి. మీరు చింతకాయ తినలే, పేరు విన్నరు, అంతకే పని మొదలుపెట్టింది."

కంటి పైన బయటి మూలలో కన్నీటి గ్రంథి, వెంట్రుక మొదట్లో నూనె గ్రంథి, తల్లి రొమ్ములో చెట్టు కొమ్మల్లా చీలిన పాల గొట్టాలు, పేగులోకి జీర్ణరసం పంపే క్లోమం - ఒక్కోటీ బోర్డు మీద గీసి చూపించారు. తర్వాత పిల్లల అరచేతులకు అయోడిన్ పూసి, ఆరనిచ్చి, జిరాక్సు కాగితం మీద గట్టిగా అదమమన్నారు. కాగితంలో గంజి ఉంటుంది కాబట్టి చెమట రంధ్రం ఉన్న ప్రతిచోటా నీలం చుక్క పడింది. చుక్కలు లెక్కపెట్టుకుంటూ పిల్లలు గోల చేశారు. చివరికి ఆయన తన చేయి అదిమి కాగితం ఎత్తి చూపించారు. అందులో ఒక్క చుక్క లేదు.

స్రవంతి అనే పిల్ల లేచింది. "సార్, మరి మీరు ఏడిస్తే నీళ్లొస్తయా?"

"కొన్ని వస్తయి. అందుకనే పొదుపుగ ఏడుస్త," అన్నారు. అప్పుడు పిల్లలు మళ్లీ నవ్వారు గాని, అది మొదటి వారం నవ్వు కాదు.

స్రవంతిది దగ్గరి తండా. తండ్రి దస్రు కరెంటు ప్లాంటు దగ్గర నిర్మాణం పనికి పోతాడు, తల్లి సాలి కూలి పని, ఇంట్లో బట్టలు కుట్టే పని రెండూ చేస్తుంది. ఆ సాయంత్రం స్రవంతి సారును అడిగి చిన్న సీసాలో అయోడిన్ పట్టుకుపోయింది. ఎందుకని మేమెవరం అడగలేదు. మరుసటి రోజు ప్రార్థన కాకముందే స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి, నోట్‌బుక్ లోంచి నాలుగు కాగితాలు తీసి బల్ల మీద పరిచింది.

"ఇది బాపుది సార్. ఇది నాది. ఇది యాడిది," అంది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. "ఇది మా తమ్మునిది."

తండ్రి కాగితం నిండా చుక్కలున్నాయి. స్రవంతిది కూడా అంతే. తల్లి కాగితంలో చుక్కలు గుంపులుగా పడి, మధ్యలో ఖాళీలున్నాయి. తమ్ముడి చిన్న అరచేతి గుర్తులో ఏమీ లేదు.

"తమ్మునికి రెండేండ్లు. పేరు హరీష్. ఎప్పుడూ జరమే సార్. ఇంకా పండ్లు రాలే," అంది.

సాంసన్ సారు ఆ నాలుగో కాగితాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురులో పెట్టి చూశారు. తనలాంటి ఇంకో మనిషి ఆనవాలు ఆయన చూడటం అదే మొదటిసారని నాకు తర్వాత చెప్పారు. అప్పుడు మాత్రం, "మంచి పని చేసినవ్ బిడ్డా. ఆదివారం మీ ఇంటికి వస్తం," అన్నారు.

ఆదివారం ఏసమ్మను కూడా తీసుకొచ్చారు. నేనూ వెళ్లాను. సాలి రేకుల ఇంటి ముందు పిల్లవాణ్ని చంకనేసుకుని నిలబడింది. పలచని జుట్టు, పొడి చర్మం, కళ్ల కింద ముడతలు. వాణ్ని చూడగానే ఏసమ్మ ఎవరినీ అడగకుండా దగ్గరికి పోయి మెడ కింద చేయి పెట్టింది. "ఇదే టీచరమ్మా. ఇదే ఎండిన సెక్క," అంది మెల్లగా.

సాంసన్ సారు దస్రుకు అన్నీ వివరించారు. హైదరాబాద్ పెద్ద దవాఖానలో ఒకసారి చూపించి ఖాయం చేసుకోవాలని, ఇది అంటుకునే రోగం కాదని, జాగ్రత్తగా ఉంటే తనలాగే బతుకుతాడని చెప్పారు. దస్రు ఆయన తడి చొక్కా వైపు, నెత్తి వైపు చూస్తూ విన్నాడు.

"ఇది ఎవరి దిక్కు నుంచి వచ్చింది సారూ?" అని చివరికి అడిగాడు.

గుమ్మంలో కూర్చున్న దస్రు తల్లి అందుకుంది. "అడిగేదేముంది. దానికి పాలే సరిగ రాలే. అప్పుడే అన్న, దాని ఒంట్లనే ఏదో తక్కువుందని." సాలి తల దించుకుంది. పాలు సరిగా ఊరకపోవడం కూడా ఈ జబ్బు మోసే తల్లుల్లో కొందరికి ఉంటుందని, పాల గ్రంథి కూడా పైతోలు నుంచి మొలిచేదేనని మాకు అప్పటికి తెలుసు గాని, ఆ నిమిషంలో అది చెప్పడం ఎట్లాగో తోచలేదు.

ఏసమ్మ లేచి ముసలామె ఎదుట కూర్చుంది. వేలితో కింది పెదవి దించి, పళ్ల మధ్య ఖాళీ చూపించింది.

"చూడక్కా. నాకు గూడ తక్కువనే. నా కొడుక్కు నా నుంచే వచ్చింది. నేనేమన్న బజార్ల కొనుక్కొచ్చి ఇచ్చిన్నా? నాకు మా అమ్మ ఇచ్చింది, ఆమెకెవరిచ్చిన్రో. ఇచ్చింది నేనే, బతికించింది గూడ నేనే. గీ పిల్లను తిట్టుకుంట కూసుంటే నీ మనుమని ఒళ్లు సల్లబడదు. ఒక బిందె నీళ్లు తెప్పియ్యి."

ముసలామె తనే లేచి పోయి బిందె తెచ్చింది.

ఆ మధ్యాహ్నమంతా ఏసమ్మ సాలికి నేర్పింది. ఏ గుడ్డ తడి ఎక్కువసేపు పట్టుకుంటుందో, గుడ్డ ఎక్కడెక్కడ వేయాలో, ముద్దకెన్ని నీళ్లు తాగించాలో, రాత్రి పడుకునే ముందు ఒంటికి కొబ్బరి నూనె ఎందుకు రాయాలో అన్నీ చెప్పింది. వీటికంటే ఇంకో మాట మరీ మరీ చెప్పింది. "నీళ్లకు ఒంటి కాక దిగితే అది ఎండ బిడ్డా. నీళ్లకు దిగకపోతే అది జరం. రెండిటికి తేడా తెలుసుకుంటే నీ కొడుకు నీ సేతుల ఉంటడు."

నెల తర్వాత హైదరాబాద్‌లో పరీక్షలు చేసి, సారు చెప్పిన జబ్బే అని ఖాయం చేశారు.

మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం హరీష్ ఒళ్లు కాలిపోయింది. దస్రు పనిలో ఉన్నాడు. సాలి మూడుసార్లు తడిపింది. ఫోన్లో టైము చూసుకుంది. గంటయినా వేడి దిగలేదు, పైగా డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నాడు. రోజూ ఉండేదే కదా, ఇంకో బిందె పొయ్యమంది అత్త. సాలి వినలేదు. ఆటో ఎక్కి మిర్యాలగూడ పోయి, దవాఖానలో డాక్టరు ముందు పిల్లవాణ్ని పడుకోబెట్టింది. ఎప్పుడూ తల ఎత్తి మాట్లాడని మనిషి అక్కడ ఏమన్నదో స్రవంతి మాకు పూస గుచ్చినట్టు చెప్పింది.

"వీనికి సెమట గ్రంథులు లేవు సారూ. ఎండ వేడైతే అర్ధ గంటల నీళ్లకు దిగుతది. గంటైనా దిగలే. ఇది లోపలి జరం. రొమ్ము జూడుండ్రి."

డాక్టరు ఆమె వైపు ఒకసారి చూసి, మారుమాట లేకుండా ఎక్స్‌రే రాశాడు. కుడివైపు ఊపిరితిత్తిలో నిమ్ము చేరింది. ఇలాంటి పిల్లలకు ఊపిరి గొట్టాల్లో తడి ఊరే గ్రంథులు కూడా తక్కువగా ఉంటాయి, అందుకని నిమ్ము త్వరగా పడుతుంది. ఆరు రోజులు దవాఖానలో ఉంచారు. ఇంకో రోజు ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరే అన్నాడు. సాంసన్ సారు రోజూ బడి అయ్యాక అటే పోయి చూసి వచ్చేవారు. ఏసమ్మ ఆరు రోజులూ సాలికి తోడుగా వార్డులోనే ఉంది. ఏడో రోజు పిల్లవాణ్ని ఇంటికి పంపినప్పుడు దస్రు తల్లి మిర్యాలగూడ దాకా వచ్చింది. కోడలి చేతిలోంచి సంచి తీసుకుని ముందు నడిచింది. సాలికి అది చాలనిపించిందట.

2024 బదిలీల్లో సారుకూ నాకూ కోదాడ వైపు వచ్చింది. స్రవంతి మిర్యాలగూడలో ఇంటర్ బైపీసీ చదివి, ఇప్పుడు నర్సింగ్‌లో చేరింది. హరీష్ అంగన్‌వాడీకి పోతున్నాడు. నోట్లో నాలుగు పళ్లు. వచ్చే ఏడు చిన్న పెట్టుడు పళ్లు కట్టిస్తామని డాక్టర్లు అన్నారు.

మొన్న మార్చిలో సాంసన్ సారు కొత్త బనీను వేసుకుని బడికి వచ్చారు. చేతులు లేని నూలు బనీను, పాత పంచె రెండు పొరలు, మధ్యలో తువ్వాలు గుడ్డ. అంచు చుట్టూ తండా ఆడవాళ్లు వేసే ఎర్రదారం కుట్టు, మెడ దగ్గర ఒక చిన్న అద్దం. సాలి హరీష్ కోసం ఒకటి కుట్టి, అది బాగుందని సారుకూ ఒకటి కుట్టి పంపిందట.

"ఒకసారి తడిపితే రెండు గంటల పది నిమిషాలు తడి ఆగుతది మేడం. గడియారం పెట్టి చూసిన," అన్నారు. ఇంకో పొర వేస్తే మూడు గంటలు వస్తుందని ఆయన అంటారు. పొర పెరిగితే బరువై పిల్లవాడు మొయ్యలేడని సాలి అంటుంది. ఫోన్లో ఆ పంచాయితీ ఇంకా తెగలేదు.